వారసత్వపు చిల్లు

కొత్తరేవు పట్నంలో పట్నాల కామేశ్వరరావు కారుని చూడనివాళ్ళు ఉంటారేమోగాని విననివాళ్ళు లేరు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలని రాసుకుంటూ పోతుంది. పూర్వం రేవులో పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన దేశం వదిలిపోతూ అమ్మితే కామేశ్వరరావు తండ్రి కొన్నాడు. తండ్రి పోయాక కళ్ళజోళ్ళ దుకాణమూ, కారూ కలిపి కొడుక్కి సంక్రమించాయి. దుకాణంతో తిండి గడిచింది. కారుతో పేరొచ్చింది.

ఆ పేరు ఎలాంటిదో తెలియాలంటే సైలెన్సర్ సంగతి చెప్పాలి. సముద్రపు గాలికి ఇనుము నిలవదు. పొగగొట్టం మధ్యలో ఉండే ఆ డబ్బాకి తుప్పుపట్టి ముందు సూది బెజ్జమంత చిల్లు పడింది. తర్వాత రూపాయి బిళ్ళంత అయింది. ఇప్పుడు పిల్లి దూరేటంత అయింది. కామేశ్వరరావు పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు, ఎదురింటి గేదె పాలు చేపడం మానేసేది. అలారం గడియారాల అమ్మకాలు ఆ వీధిలో ఏనాడో పడిపోయాయి.

ఆ కారులో ఎక్కని మనిషల్లా వరాహలక్ష్మి. కామేశ్వరరావు భార్య. పెళ్ళయిన కొత్తలో ఇంటినిండా అత్తమామలూ, ఆడపడుచులూ. మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండు సీట్ల బండిలో ఊరేగితే నలుగురూ ఏమనుకుంటారోనని ఎక్కలేదు. తర్వాత ముగ్గురు పిల్లలు. ఒకరిని ఎక్కించుకుంటే ఇద్దరు ఏడుస్తారు కాబట్టి ఎక్కలేదు. పిల్లలు ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకునే వేళకి సైలెన్సర్ పోయింది. "డప్పు కొట్టించుకుంటూ ఊరేగడానికి నేనేమైనా అమ్మవారినా?" అని ఆవిడ గుమ్మంలోనే ఉండిపోయింది.

అలాంటిది ఒక సాయంత్రం కాఫీ ఇస్తూ తనే మాటెత్తింది.

"ఏవండీ, మోకాళ్ళ డాక్టరుగారు ఏమన్నారో తెలుసా? చిప్పలు అరిగిపోయాయిట. మీ కారు చూడబోతే గోతిలోకి దిగినట్టుంటుంది. ఇంకో ఏడాది పోతే అందులోకి దిగడం నా వల్ల కాదు. ఆ గొట్టం మార్పించి చప్పుడు ఆపించండి. ఒక్కసారి మీ పక్కన కూర్చుని దీపస్తంభం దాకా వస్తాను."

కామేశ్వరరావు కాఫీ కింద పెట్టేశాడు. ఆ మాట కోసం అతను ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాడో అతనికే తెలుసు. పక్క సీటు మీద రోజూ దుమ్ము దులిపేవాడు, ఎవరూ కూర్చోకపోయినా.

"రేపే మార్పించేస్తాను వరాలూ!" అన్నాడు.

రేపే మార్పించేసేవాడు కూడా. కాని అంతకు నెల ముందు తన చేతులతో తనే ఒక పని చేసి కూర్చున్నాడు.

ఆ మధ్య కొత్తరేవుకి వారసత్వ జ్వరం తగిలింది. వారసత్వ వస్తు పరిరక్షణ విభాగం అని ఒకటి వెలిసి, ఊళ్ళో పాతది ఏది కనిపించినా దానికి ఇత్తడి బిళ్ళ కొట్టి, యజమానికి శాలువా కప్పడం మొదలుపెట్టింది. బిళ్ళ పడ్డ వస్తువుని యథాతథంగా కాపాడాలి. అదొక్కటే నియమం. మార్కెట్ వీధి కుళాయికి బిళ్ళ పడింది. అది అప్పటికే కారుతోంది కాబట్టి కారడం కూడా వారసత్వం కిందికి వచ్చింది. కింద తడి ఆరకుండా చూడడానికి ఒక ఉద్యోగిని వేశారు. కాఫీ హోటల్లో కాలు విరిగిన బల్లకి బిళ్ళ పడింది. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళు జారిపోవడం కూడా యథాతథంగా సాగుతోంది.

ఊరందరికీ శాలువాలు పడుతుంటే కామేశ్వరరావుకి మనసాగలేదు. కారుని తోముకుని, పూలదండ వేసుకుని వెళ్ళాడు. బిళ్ళ కొట్టించుకున్నాడు. శాలువా ఇంటికి తెస్తే వరాహలక్ష్మి, "వేసవిలో కప్పారు, చలికాలానికి పనికొస్తుంది" అని పెట్టెలో పెట్టింది.

ఇప్పుడు మెకానిక్ పైడయ్య ఆ బిళ్ళ చూసి ఆమడదూరం జరిగాడు.

"ఓలమ్మో! నాను ముట్టను బాబూ. మా బావమరిది ఆ కుళాయికి గుడ్డముక్క సుట్టినాడని మూడుమాట్లు ఆపీసుకి తిప్పినారు. తమరు పర్మీసను తెండి, రెండు గంటల్లో గొట్టం ఎట్టేత్తాను."

"గొట్టం కుళ్ళిపోయిందయ్యా, దానికి పర్మిషనేమిటి?"

"కుళ్ళిపోనాది కాబట్టే గదా బాబూ బిళ్ళ ఇచ్చినారు. కొత్తదైతే ఇత్తారేటి?"

కామేశ్వరరావు మర్నాడు ఉదయం వారసత్వ విభాగం ఆఫీసుకి వెళ్ళాడు.

వారసత్వ విభాగం అధికారి యడవల్లి త్రివిక్రమరావుగారు నల్ల ఫ్రేము కళ్ళజోడు పెట్టుకుని, చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆ కళ్ళజోడు కామేశ్వరరావు దుకాణంలోదే. విన్నాక కుర్చీలో వెనక్కి వాలారు.

"రంధ్రం ఉన్నదంటారు."

"ఉందండి. పిల్లి దూరుతుందండి."

"మేము బిళ్ళ అమర్చిన తేదీ నాటికి సదరు రంధ్రము ఉన్నదా, లేదా?"

"ఉందండి. ఇంతకంటే కొంచెం చిన్నది."

త్రివిక్రమరావుగారి ముఖం నల్లబడింది. "అనగా తమ సంరక్షణలో ఉండగా సదరు రంధ్రము యొక్క యథాతథ స్థితికి భంగం వాటిల్లినది. ఇది తీవ్రమైన విషయం. పోనీ, తొలితప్పుగా భావించి ఉపేక్షిస్తున్నాను. ఇకమీదట పెరగనివ్వకండి."

"తుప్పు కదండీ, నా మాట వింటుందా?"

"నచ్చచెప్పవలసిన బాధ్యత యజమానిదే. ఇక సైలెన్సరు మార్పు అంటారా? దాన్ని మారిస్తే రంధ్రం పోవును. రంధ్రం పోతే అందుండి వెలువడే శబ్దం పోవును. ఆ శబ్దం వినే కదండీ ఊరు మేల్కొంటున్నది? అది జాతి సంపద. మా సిబ్బంది టేపు మీద రికార్డు చేసి భద్రపరిచారు కూడాను. అనుమతి లేదు."

కామేశ్వరరావు బతిమాలాడు. భార్య మోకాళ్ళ సంగతి చెప్పాడు. అధికారి నిజంగానే జాలిపడ్డారు. ఆవిడ మోకాళ్ళు ఎన్నాళ్ళ నాటివని అడిగి, అర్హత ఉంటే బిళ్ళకి దరఖాస్తు చేయవచ్చని కూడా సలహా ఇచ్చారు.

ఉసూరుమంటూ బయటికొచ్చి కారు స్టార్ట్ చేశాడు. ఆఫీసు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గేటు దాటకుండానే అటెండరు పరుగున వచ్చి ఆపాడు. శబ్ద నియంత్రణ విభాగం నుంచి పిలుపు. భోజనాలయ్యాక అదే ఆఫీసులో రెండో గదిలో హాజరు కావాలి.

రెండో గదిలో కుర్చీలో ఉన్నది త్రివిక్రమరావుగారే. ఈసారి బంగారపు రంగు ఫ్రేము కళ్ళజోడు. అదీ కామేశ్వరరావు అమ్మిందే. ఒక మనిషికి రెండు జోళ్ళెందుకో ఆనాడు అర్థం కాలేదు గాని, ఇప్పుడు అర్థమైంది. శబ్ద నియంత్రణ అధికారి రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది. త్రివిక్రమరావుగారికి దాని పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. ఉదయం వారసత్వం, మధ్యాహ్నం శబ్దం.

"ఎవరు మీరు?" అన్నారు త్రివిక్రమరావుగారు.

"నేనేనండి. పొద్దున్న వచ్చాను కదండీ."

"పొద్దున్న ఈ సీట్లో ఎవరూ ఉండరే! సరే. సదరు వాహనం నుండి పరిమితికి మించిన శబ్దం వెలువడుతున్నట్టు ఈ విభాగం స్వయంగా ఆలకించినది. వెంటనే సైలెన్సరు మార్చవలెను. లేనిచో వాహనం స్వాధీనం చేసుకోబడును."

కామేశ్వరరావుకి ప్రాణం లేచివచ్చింది. "చిత్తం! ఇప్పుడే మార్పిస్తానండి. పొద్దున్న తమరు వద్దన్నారని ఆగానంతే."

"నేను వద్దన్నానా? ఏ సీట్లో?"

"పక్క గదిలోనండి."

"అయ్యా," అన్నారు అధికారి, తెలియనివాడికి తెలియజెప్పే ఓర్పుతో. "వ్యక్తి ఒకరే కావచ్చును. ప్రభుత్వం వ్యక్తిలో ఉండదు, సీటులో ఉంటుంది. ఆ సీటులో నేను విన్నది ఈ సీటులో నాకు తెలియరాదు. ఆ విభాగం అభ్యంతరం తెలిపితే వ్రాతమూలకంగా పంపమనండి. పరిశీలిస్తాను."

"అయితే మార్చాలా, మానాలా?"

"మార్చవలెను. కాని వారసత్వ విభాగం అనుమతి లేకుండా మారిస్తే నేరం. అది కూడా తమ దృష్టికి తెస్తున్నాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఈ రెండిటినీ ఒకే మనిషి తవ్వి, మధ్యలో తనే కాపలా కూర్చోవడం కామేశ్వరరావు అదివరకు ఎరగడు.

ఆ తర్వాత రెండు గదుల మధ్య ఉత్తరాలు నడిచాయి. త్రివిక్రమరావుగారు ఉదయం రాసింది అటెండరు మధ్యాహ్నం ఆయనకే అందించేవాడు. మధ్యాహ్నం ఆయనిచ్చిన జవాబు మర్నాడు ఉదయం ఆయనకే చేరేది. రానురాను భాష ముదిరింది. ఒక ఉదయం కామేశ్వరరావు వెళ్ళేసరికి అధికారి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"చూడండి, ఆయన నా గురించి ఏం రాశారో! 'బాధ్యతారహితమైన వైఖరి' అట! ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఇంత మాట అన్నవాడు లేడు."

"పోనిద్దురూ, మనవాళ్ళేగా," అన్నాడు కామేశ్వరరావు.

"మనవాళ్ళు కాబట్టే బాధండీ."

ఇంటి దగ్గర మరో బాధ. వరాహలక్ష్మి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలైంది. "అయిందా?" అని ఆవిడ రోజూ అడిగేది. "నడుస్తోంది" అని అతను రోజూ చెప్పేవాడు. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. అప్పుడు కామేశ్వరరావుకి నిజంగా భయం వేసింది. అడిగినన్నాళ్ళూ ఆశ ఉన్నట్టే కదా.

పోయి అధికారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఉమ్మడి సమావేశం ఏర్పాటైంది. హాల్లో బల్లకి ఇటొక కుర్చీ, అటొక కుర్చీ వేశారు. త్రివిక్రమరావుగారు నల్ల జోడుతో ఈ కుర్చీలో కూర్చుని వారసత్వ విభాగం వాదన వినిపించారు. లేచి, బల్ల చుట్టూ తిరిగి, బంగారపు రంగు జోడు పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చుని దాన్ని ఖండించారు. రెండు టీలు వచ్చాయి. రెండూ ఆయనే తాగారు. వాదం ముదిరి ఒక దశలో సమావేశం నుంచి లేచి వెళ్ళిపోయారు. రెండు కుర్చీలూ ఖాళీ అయ్యాయి. అటెండరు వరండాలోకి వెళ్ళి నచ్చజెప్పి ఒకాయన్ని తీసుకొచ్చాడు. రెండో ఆయన కూడా వచ్చేసినట్టే లెక్క.

పొద్దుపోయేవేళకి రాజీ కుదిరింది. అటెండరు నిలబడి చదివాడు.

"సదరు రంధ్రము యథాతథముగా ఉండవలెను. సదరు రంధ్రము గుండా ఎట్టి శబ్దమూ రాకూడదు. కావున సదరు వాహనమును ఇంజను నడపకుండా నడుపుకొనవచ్చును."

"ఇంజను నడపకుండా ఎలా నడపనండీ?"

"తోయించి," అన్నారు త్రివిక్రమరావుగారు. ఏ సీటులోంచి అన్నారో తెలియలేదు. అప్పటికి ఆయన నిలబడి ఉన్నారు.

ఈ పరిష్కారం ఆయనకి ఎంత నచ్చిందంటే, దాన్ని ఊరికి చూపించాలనుకున్నారు. వచ్చే వారసత్వ దినం నాడు ఊరేగింపు పెట్టించారు. ముందు జీపు, వెనక కామేశ్వరరావు కారు, దాన్ని తోయడానికి మున్సిపాలిటీ మనుషులు.

కామేశ్వరరావు ఇంటికొచ్చి తల వంచుకుని ఆ సంగతి చెప్పాడు.

"చప్పుడు ఉండదు కదా?" అంది వరాహలక్ష్మి.

"ఉండదు. కాని కారు నడవదే. తోస్తారు. తోపుడు బండిలా..."

"ఎలా అయితేనేం. మీ పక్కనే కదా కూర్చునేది? వస్తాను."

అతనికి ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నేళ్ళకి వస్తానంది, వచ్చి చూసేది ఇదా అని.

ఆ రోజు వరాహలక్ష్మి పట్టుచీర కట్టుకుంది. మొగుడు ఒక చెయ్యీ, పైడయ్య పెళ్ళాం ఒక చెయ్యీ పట్టుకుని దింపితే, అమ్మో అయ్యో అంటూ సీటులోకి జారింది. సర్దుకుని చుట్టూ చూసింది. "మెత్తగా ఉంది," అంది.

మున్సిపాలిటీ మనుషులు తోశారు. కారు కదిలింది. కదలగానే చెవులు చిల్లులు పడేటంత మోత! వరాహలక్ష్మి గుండె పట్టుకుంది.

"చప్పుడుండదన్నారు!"

"మనది కాదే. ముందు జీపుది. శబ్దం జాతి సంపద కాబట్టి, మన కారు చప్పుడు రికార్డు చేసి మైకులో వేస్తున్నారు."

"ఏ బండిలోంచి వస్తే ఏంటండీ, చప్పుడు మనదేగా!" అని ఆవిడ చెంగుతో చెవులు మూసుకుంది. కామేశ్వరరావు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఊరేగింపు ఉదయమే ముగియాలి. కాని కూడలి కూడలికీ ఉపన్యాసాలు పెట్టారు. కొండవీధి మలుపు తిరిగి, సముద్రంవైపు దిగే వాలు దగ్గరికి వచ్చేసరికి భోజనవేళ దాటిపోయింది. జీపులో నిలబడి జనానికి నమస్కారాలు చేస్తున్న త్రివిక్రమరావుగారు చేతి గడియారం చూసుకున్నారు. నల్ల జోడు తీసి జేబులో పెట్టుకుని, రెండోది తగిలించుకున్నారు. జీపు దిగి, దాని ఎదురుగా వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు.

"ఆపండి! ఏమిటీ శబ్దం? ఎవరి అనుమతితో ఈ ఊరేగింపు?"

"తమరే కదండీ..." అన్నాడు డ్రైవరు.

"ఈ సీటు నుండి ఎట్టి అనుమతీ ఇవ్వబడలేదు. మైకు కట్టెయ్యండి. పంచనామా రాయాలి. ఆ తోసేవాళ్ళంతా ఇలా సాక్షులుగా రండి!"

మైకు ఆగింది. తోసేవాళ్ళు కారు మీంచి చేతులు తీసి సాక్షులుగా వెళ్ళారు. వాలు మీద చేతులు తీస్తే ఏమవుతుందో ఏ సీటులో ఉన్నా ఒకటే. కారు మెల్లగా కదిలింది. జీపు పక్కగా, పంచనామా రాసుకుంటున్న అధికారి పక్కగా, చడీచప్పుడూ లేకుండా కిందికి సాగిపోయింది.

కామేశ్వరరావు బ్రేకు మీద కాలు పెట్టాడు. అలవాటుగా పక్కకి చూశాడు. వరాహలక్ష్మి చెవుల మీంచి చెంగు తీసేసింది. గాలికి జుట్టు చెదిరి ముఖం మీద పడుతోంది. సముద్రం ఎదురొస్తోంది. ఆవిడ నవ్వుతోంది. పెళ్ళిచూపుల నాడు కూడా ఆ ముఖంలో అంత నవ్వు లేదు. కామేశ్వరరావు బ్రేకు నొక్కలేదు.

వాలు అయిపోయి, వలలు ఆరేసిన ఇసక పక్కన కారు దానంతటదే ఆగింది.

"అప్పుడే అయిపోయిందా?" అంది వరాహలక్ష్మి.

ఎదురుగా దీపస్తంభానికి పోయే ఎత్తు రోడ్డు. తోసేవాళ్ళు లేరు. జీపు వాలు దిగి వచ్చింది. త్రివిక్రమరావుగారు కారు వెనక నిలబడి పరిస్థితిని సమీక్షించారు.

"సదరు వాహనాన్ని తోయుటకు అనుమతి వారసత్వ విభాగం వారిది. ఆ అధికారి రేపు ఉదయం గాని సీటులో ఉండరు. అంతవరకు తోయరాదు. ఇంజను ఎటూ నడపరాదు. కావున వాహనం ఇచ్చటనే ఉండవలెను."

"నేను దిగలేనండీ, మోకాళ్ళు! తెల్లవార్లూ ఇందులోనే కూర్చోనా?" అంది వరాహలక్ష్మి.

ఆయన పంచనామా కాగితాలు తిరగేశారు. "కూర్చొనవచ్చును. కూర్చొనుట వల్ల శబ్దం వెలువడదు."

వరాహలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, దీనికి ఇంజను ఉందా, తీసేశారా?"

"ఉంది."

"అయితే తాళం తిప్పండి."

"చప్పుడే, వరాలూ."

"తిప్పమంటున్నానా!"

తిప్పాడు. ఇసక మీది కాకులు ఒక్కసారిగా లేచాయి. వలల దగ్గర కునుకు తీస్తున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కారు ఒక్క ఊపున ఎత్తు ఎక్కింది. కామేశ్వరరావుకి భార్య వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. కొంతదూరం పోయాక ఆవిడే వంగి చెవిలో అరిచింది.

"ఇక్కడ ఇంతేనా వినబడేది?"

"ఆఁ! గాలికి వెనక్కి పోతుంది!"

"ఇన్నేళ్ళూ మీకింతే వినబడిందా?"

"ఇంతే!"

ఆవిడ మోచేత్తో అతని డొక్కలో గట్టిగా ఒక్కటి పొడిచింది.

"మీరు హాయిగా ముందు కూర్చుని, మోతంతా గుమ్మంలో ఉన్న నాకు వదిలి పోయారన్నమాట రోజూ!"

కామేశ్వరరావుకి సిగ్గేసింది. చప్పుడు తగ్గుతుందేమోనని యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త ఎత్తాడు.

వరాహలక్ష్మి మెడ తిప్పి వెనక్కి చూసింది. కింద రోడ్డు మధ్యన త్రివిక్రమరావుగారు కాగితాలు కిందపడేసి, రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉన్నారు.

"తగ్గించకండి," అంది. "ఇవాళ వెనకున్నది నేను కాదుగా."